పోకెమాన్ ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ మొదలుపెడుతున్నారా? బుల్బసార్, చార్మాండర్, స్క్విర్టిల్‌లలో ఏది తీసుకోవాలంటే

ఆట మొదట్లో ఈ మూడు పోకెమాన్‌లలో ఒకటి తీసుకోమని ప్రొఫెసర్ ఓక్ అనగానే చాలామంది చెయ్యి చార్మాండర్ వైపే పోతుంది, ఎందుకని అడిగితే ఒకటే జవాబు, దాని చివరి రూపం చారిజార్డ్. రెక్కలు, నోట్లోంచి మంట, ఇంకేం కావాలి అంటారు. బొమ్మ బాగుంటుంది, నేనూ కాదనను. కానీ ఆ చారిజార్డ్ మీ చేతికొచ్చేది 36వ లెవెల్‌లో, అప్పటికి మామూలుగా ఆడేవాళ్లకి ఎనిమిది జిమ్‌లలో, అంటే ఒక్కో లీడర్‌ని ఓడించి దాటాల్సిన చోట్లలో, సగం అయిపోయి ఉంటాయి. అంటే సగం ఆటలో మీ పక్కన ఉండేది రెక్కలు లేని, బండరాయి కనిపిస్తే బెదిరే ఒక చిన్న బల్లి. మిగతా రెండిటి సంగతీ అంతే, స్క్విర్టిల్ చివరికి బ్లాస్టాయిస్ అయ్యేది 36లో, బుల్బసార్ వీనసార్ అయ్యేది కాస్త ముందుగా 32లో.

అందుకే చివరి రూపం చూసి ఎంచుకోకండి అంటాను. స్టార్టర్‌ని, అంటే ఈ మొదటి పోకెమాన్‌ని, ఎంచుకోవడమంటే నిజానికి జట్టులోని మిగతా ఐదింటినీ ఎంచుకోవడమే. మీరు తీసుకున్నదానికి ఏ పని చేతకాదో చూసుకుని, ఆ పని చేసిపెట్టే ఇంకో పోకెమాన్ దారిలో ఎంత త్వరగా, ఎంత తేలిగ్గా దొరుకుతుందో లెక్క వేసుకుంటే ఈ మూడింటి మధ్య తేడా ఇట్టే తెలిసిపోతుంది.

ముందే ఒక మాట, ఇక్కడ చెప్పేదంతా 2004లో గేమ్‌బాయ్ అడ్వాన్స్‌కి వచ్చిన ఫైర్‌రెడ్, లీఫ్‌గ్రీన్ గురించే. 1996లో జపాన్‌లో వచ్చిన మొదటి ఆటలనే తిరగతోడి చేసినవి ఇవి, ఊళ్లు అవే, జిమ్ లీడర్లు వాళ్లే, కానీ మూవ్‌లు (పోకెమాన్ వేసే దెబ్బలు), అవి వచ్చే లెవెల్‌లు చాలా మారాయి, కాబట్టి పాత ఆట ఆడిన అన్నయ్యలిచ్చే సలహా ఇక్కడ ఉన్నదున్నట్టు పనిచేయదు. ఇంకోటి, ఈ తరం ఆటల్లో ఒక దెబ్బ అటాక్ లెక్కలోకి వస్తుందా, స్పెషల్ అటాక్ లెక్కలోకి వస్తుందా అనేది ఆ మూవ్‌ని బట్టి కాదు, దాని టైప్‌ని బట్టి ఉంటుంది. ఫైర్, వాటర్, గ్రాస్, ఎలక్ట్రిక్, ఐస్, సైకిక్, డ్రాగన్, డార్క్ ఇవన్నీ స్పెషల్, మిగతావన్నీ ఫిజికల్, అంటే మామూలు అటాక్ లెక్క. కొరికే బైట్ కూడా డార్క్ కాబట్టి స్పెషలే, వింతగా ఉన్నా అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, కింద రెండు మూడు చోట్ల పనికొస్తుంది.

అంకెల కోసం వెతికేవాళ్లకి చెప్తున్నా, చివరి రూపాల బేస్ స్టాట్స్ (ప్రతి జాతికీ ఉండే బలాల అంకెలు) మొత్తం చూస్తే వీనసార్ 525, బ్లాస్టాయిస్ 530, చారిజార్డ్ 534. తొమ్మిది పాయింట్ల తేడాకి గొడవ పడక్కర్లేదు. పైగా మూడూ ఒకే వేగంతో లెవెల్ పెరుగుతాయి. అసలు తేడా ఏ దెబ్బ ఎప్పుడు చేతికొస్తుంది, ఆ దెబ్బకి ఎదురుగా ఎవరున్నారు అన్న దాంట్లోనే ఉంది.

బుల్బసార్: మొదట్లో హాయి, తర్వాత్తర్వాత విసుగు

మొదటి మూడు జిమ్‌లూ బుల్బసార్‌కి నల్లేరు మీద నడక. 10వ లెవెల్‌లో వైన్ విప్ వస్తుంది, మొదటి జిమ్ లీడర్ బ్రాక్ దగ్గరున్న జియోడ్యూడ్, ఆనిక్స్ రెండూ రాక్, గ్రౌండ్ కలిసినవి, గ్రాస్ దెబ్బ వాటికి నాలుగింతలు తగులుతుంది. అంత పెద్ద పామూ ఒక్క దెబ్బకి కూలబడుతుంది. రెండో జిమ్ మిస్టీ దగ్గర వాటర్, అదీ మనకే లాభం. మూడో జిమ్ లెఫ్టినెంట్ సర్జ్‌ది, ఎలక్ట్రిక్ దెబ్బలు గ్రాస్‌కి సగమే తగులుతాయి కాబట్టి అక్కడా ఇబ్బంది లేదు. మధ్యలో కష్టం ఎక్కడంటే జిమ్‌లలో కాదు, దారుల్లో. విరిడియన్ ఫారెస్ట్ నిండా పురుగులు, మౌంట్ మూన్ నిండా జుబాట్‌లు, వీటి మీద వైన్ విప్ గోడకి కొట్టినట్టే. జుబాట్‌కి అయితే పావు వంతే తగులుతుంది. ఒక పిడ్జీనో, మౌంట్ మూన్‌కి వెళ్లేసరికి ఒక పికాచూనో వెంట ఉంటే సరిపోతుంది.

దీని అసలు విలువ కొట్టడంలో కంటే సతాయించడంలో ఉంది. 7వ లెవెల్‌లోనే లీచ్ సీడ్ వస్తుంది, ఒకసారి విత్తనం నాటితే ప్రతి టర్న్‌కీ ఎదుటిదాని మొత్తం హెచ్‌పీలో, అంటే ప్రాణంలో, ఎనిమిదో వంతు లాగి మనకి ఇస్తుంది. 15లో స్లీప్ పౌడర్. దీన్ని చాలామంది పట్టించుకోరు గానీ, ఆట మొత్తంలో కొత్త పోకెమాన్‌లని పట్టుకోవడానికి ఇంతకంటే మంచి సాధనం లేదు. నిద్రపోతున్నదాన్ని పట్టుకునే అవకాశం రెట్టింపవుతుంది, తర్వాత దారికడ్డంగా పడుకున్న స్నోర్‌లాక్స్‌ని పట్టాలన్నా, లెజెండరీ పక్షుల్ని పట్టాలన్నా ఈ పొడే మీకు దిక్కు. పైగా దానిలో పాయిజన్ టైప్ కూడా ఉంది కాబట్టి దానికి విషం ఎక్కదు, అడవిలో వీడిల్ కుట్టినా పరుగెత్తి యాంటీడోట్ కొనక్కర్లేదు.

ఇక విసుగు నాలుగో జిమ్ నుంచి మొదలు. ఎరికా దగ్గర విక్ట్రీబెల్, వైల్‌ప్లూమ్ రెండూ గ్రాస్, పాయిజన్, అంటే మనకి అద్దంలో మనమే. కోగా అంతా పాయిజన్. సబ్రీనా సైకిక్‌లు పాయిజన్ ఉన్నవాటికి చుక్కలు చూపిస్తాయి. బ్లెయిన్ సంగతి చెప్పక్కర్లేదు, ఫైర్. వరసగా నాలుగు జిమ్‌లలో వీనసార్ ముందుకెళ్లలేదు. రేజర్ లీఫ్ మధ్య రూపమైన ఐవీసార్‌కి 22లో వస్తుంది, ఎరికాని గెలిస్తే గిగా డ్రెయిన్ ఇస్తుంది, అది మంచిదే గానీ ఈ ఆటలో దాన్ని ఐదుసార్లే వాడగలం. సొంతంగా సోలార్‌బీమ్ నేర్చుకోవాలంటే 65వ లెవెల్ దాకా ఆగాలి, అప్పటికి కథ అయిపోతుంది. చివరి జిమ్‌లో జియోవానీ దగ్గర రైహార్న్‌లు, జిమ్‌లన్నీ అయ్యాక ఎదురయ్యే నలుగురు మేటి ఆటగాళ్లు, అంటే ఎలీట్ ఫోర్‌లో, లోరెలై దగ్గర డ్యూగాంగ్, క్లాయిస్టర్, స్లోబ్రో దొరుకుతాయి, కానీ లోరెలై మంచు దెబ్బలు గ్రాస్‌కి రెట్టింపు తగులుతాయని మర్చిపోకండి.

అయినా నా మాట ఏంటంటే, ఈ రకం ఆట ఎప్పుడూ ఆడనివాళ్లు, ఇంట్లో పిల్లాడికి మొదటిసారి ఇస్తున్నవాళ్లు కళ్లు మూసుకుని బుల్బసార్ ఇప్పించండి. మొదటి పది గంటలు బాగుంటే తర్వాత కష్టాన్ని వాళ్లే దాటుకుంటారు, మొదట్లోనే దెబ్బతింటే మటుకు పక్కన పడేస్తారు.

చార్మాండర్: కష్టం అన్నమాట సగమే నిజం

చార్మాండర్ అంటే హార్డ్ మోడ్ అని అందరూ అనే మాట. పాత ఆటలో నిజమే, అక్కడ బ్రాక్ ముందు దానికి ఏ పప్పులూ ఉడకవు. ఫైర్‌రెడ్‌లో మాత్రం 13వ లెవెల్‌లో మెటల్ క్లా ఇచ్చారు, అది స్టీల్ దెబ్బ, రాక్‌కి రెట్టింపు తగులుతుంది. అంతే, ఇక కష్టం తీరిపోయిందని రాసేస్తుంటారు. కాస్త దగ్గరగా చూద్దాం. మెటల్ క్లా ఫిజికల్, ఆనిక్స్ డిఫెన్స్ ఏమో కొండంత, బేస్ 160. అందుకే 14వ లెవెల్ చార్మాండర్ 14వ లెవెల్ ఆనిక్స్‌ని కూల్చాలంటే ఆ రెట్టింపు కలుపుకుని కూడా దాదాపు నాలుగు దెబ్బలు పడతాయి. ఎంబర్ రాక్‌కి సగమే తగులుతుంది, అయినా అది స్పెషల్ కదా, ఆనిక్స్ స్పెషల్ డిఫెన్స్ నీరసం కాబట్టి అది కూడా ఓ ఐదారు దెబ్బల్లో అదే పని చేస్తుంది, అంటే మెటల్ క్లా తెచ్చిన లాభం మీరనుకున్నంత లేదు. అవతల ఆనిక్స్ దగ్గర రాక్ టూంబ్ ఉంది, రెండు సార్లు సరిగ్గా తగిలితే చార్మాండర్ లేవదు, పైగా తగిలిన ప్రతిసారీ మన స్పీడ్ తగ్గిపోతుంది, ముందు కొట్టేది మనమే అన్న ధీమా ఒక్క దెబ్బతో పోతుంది. నాలుగు కొట్టేలోపు రెండు తినకూడదు. రాక్ టూంబ్ అయిదింట్లో ఒకసారి గురి తప్పుతుంది, ఆ అదృష్టం మీద, పోషన్‌ల మీద ఆధారపడాలి. లేదా గడ్డిలో తిరిగి 16కి తీసుకెళ్లి దాని మధ్య రూపం చార్మీలియన్‌ని చేసుకుని వెళ్లాలి, అప్పుడు కాస్త ఊపిరాడుతుంది.

దీనికంటే తెలివైన దారి ఒకటుంది. విరిడియన్ నుంచి పడమటికి రూట్ 22కి వెళ్లండి, అక్కడ గడ్డిలో మాంకీ దొరుకుతుంది, రెండు ఆటల్లోనూ. ఫైటింగ్ టైప్, చిన్న లెవెల్‌లోనే లో కిక్ వస్తుంది. ఈ తరంలో లో కిక్ బలం ఎదుటిదాని బరువుని బట్టి ఉంటుంది, ఆనిక్స్ బరువు 210 కిలోలు, 200 దాటితే బలం 120, ఆపైన ఫైటింగ్ టైప్ అదనం, రాక్‌కి రెట్టింపు. బరువే దాని బలం అనుకున్న పాముకి ఆ బరువే ముప్పు. చార్మాండర్ పక్కన కూర్చుని చూస్తూ ఉంటే చాలు, ఒక్క టర్న్ దింపి వెనక్కి తెచ్చుకుంటే అనుభవంలో వాటా కూడా వస్తుంది.

బ్రాక్ అయ్యాక మిస్టీ. స్టార్మీ 21వ లెవెల్, వేగం ఎక్కువ, వాటర్ పల్స్ కొడుతుంది, ప్రాణం తగ్గితే రికవర్ చేసుకుంటుంది. చార్మీలియన్‌ని దానికి ఎదురు పంపడం దండగ. విరిడియన్ ఫారెస్ట్‌లో ఓపిగ్గా తిరిగి పట్టుకున్న పికాచూ, లేదా మిస్టీ ఊరికి పైనున్న రూట్ 24, 25లలో దొరికే ఆడిష్, అది ఫైర్‌రెడ్‌లో, లీఫ్‌గ్రీన్ అయితే బెల్‌స్ప్రౌట్. ఈ రెండిట్లో ఒకటి చేతిలో పెట్టుకునే జిమ్ మెట్లెక్కండి.

కానీ చార్మాండర్ అసలు లోపం బ్రాక్ కాదు, మిస్టీ కాదు, దాని గురించి ఎవరూ చెప్పరు. 7వ లెవెల్‌లో వచ్చిన ఎంబర్ తర్వాత మళ్లీ ఒక మంచి ఫైర్ దెబ్బ రావాలంటే చార్మీలియన్‌కి 34 దాకా ఆగాలి, అదే ఫ్లేమ్‌త్రోవర్. 7 నుంచి 34 అంటే ఆటలో దాదాపు సగం, అంతసేపు అదే చిన్న నిప్పురవ్వతో నెట్టుకురావాలి. ఎరికా దగ్గరికి వెళ్లేసరికి, అంటే ఫైర్ పోకెమాన్ పండగ చేసుకోవాల్సిన ఒకే ఒక్క జిమ్‌కి కూడా, చాలామంది ఎంబర్‌తోనే వెళ్తారు. గెలుస్తారు, కాకపోతే ఆ మజా ఉండదు. సెలడాన్ గేమ్ కార్నర్‌లో ఫ్లేమ్‌త్రోవర్ టీఎం (మూవ్ నేర్పే వస్తువు) ఉంది, 4000 కాయిన్లు, డబ్బుతో కొంటే 500 కాయిన్లకి పది వేలు చొప్పున ఎనభై వేలు. అప్పటికి అంత డబ్బు ఎవరి దగ్గరా ఉండదు. ఎవాల్వ్ అవుతుంటే, అంటే రూపం మారుతుంటే, బి నొక్కి ఆపి చార్మాండర్‌గానే ఉంచితే 31లో వస్తుంది, మూడు లెవెల్‌ల కోసం అంత బలహీనంగా ఉంచుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే. దానికి బదులు దారిలో దొరికే టీఎంలు వాడండి. సెరూలియన్‌లో రాకెట్ దొంగని ఓడిస్తే డిగ్ వస్తుంది, రూట్ 9లో ఏరియల్ ఏస్ ఉంది, ఎస్.ఎస్. ఆన్ ఓడలో బ్రిక్ బ్రేక్ ఉంది, మూడూ చార్మీలియన్ నేర్చుకుంటుంది. డిగ్ నేర్పితే సర్జ్ దగ్గర దానికి ఎదురే ఉండదు.

36 దాటాక మాత్రం అడిగినవాళ్లకి అడిగినంత. వింగ్ అటాక్ వెంటనే వస్తుంది, ఫ్లై నేర్పితే ఊరూరా తిప్పుతుంది, ఎరికాని దాటాక కోగా, సబ్రీనా, బ్లెయిన్ ముగ్గురి దగ్గరా నిలబడుతుంది. గ్రౌండ్ దెబ్బలు అసలు తగలవు కాబట్టి జియోవానీ ఎర్త్‌క్వేక్ గాల్లో కలిసిపోతుంది. ఒకే ఒక్క భయం, రాక్ దెబ్బలు నాలుగింతలు తగులుతాయి, ఎలీట్ ఫోర్‌లోని బ్రూనో ఆనిక్స్‌లు, లాన్స్ ఏరోడాక్టిల్, చివర్లో రైవల్ (ఆటంతా మీతో పోటీపడేవాడు) రైడాన్ వచ్చినప్పుడు చారిజార్డ్‌ని లోపలికి తీసేయడం మంచిది.

స్క్విర్టిల్: ఎవరూ పొగడరు, పని మాత్రం చేస్తుంది

చూడ్డానికి తాబేలు, ఆడేటప్పుడూ తాబేలే. తొందరపడదు. నీటి దెబ్బ బబుల్ 7లోనే వస్తుంది, బ్రాక్‌కి అదే నాలుగింతలు. మిస్టీ దగ్గర సాగదీత తప్పదు, ఇద్దరి నీళ్లూ ఇద్దరికీ సగమే తగులుతాయి, కాకపోతే మధ్య రూపమైన వార్టార్టిల్‌కి 19లో వచ్చే బైట్ ఉంటే స్టార్మీలోని సైకిక్ భాగానికి రెట్టింపు తగిలి పని త్వరగా తెములుతుంది. గెలిచాక మిస్టీ వాటర్ పల్స్ టీఎం ఇస్తుంది, వార్టార్టిల్‌కి వెంటనే నేర్పండి, 13లో వచ్చిన వాటర్ గన్ నీరసం అక్కడితో పోతుంది. చార్మాండర్‌కి లేని అదృష్టం ఇదే, సరిగ్గా దెబ్బ చాలని సమయానికి ఆట తనే తెచ్చి చేతిలో పెడుతుంది.

తర్వాత రెండు జిమ్‌లు మాత్రం స్క్విర్టిల్ సెలవు పెట్టుకోవాలి. సర్జ్ రాయిచూ కొట్టే షాక్ వేవ్ గురి తప్పదు, ఎరికా సంగతి సరేసరి. సర్జ్ ఊరి పక్కనే రూట్ 11 మొదట్లో డిగ్లెట్స్ కేవ్ ఉంది, అక్కడ ఒక డిగ్లెట్‌ని పట్టుకుంటే, అప్పుడప్పుడు నేరుగా డగ్‌ట్రియోనే తగులుతుంది, సర్జ్ మొత్తం దానితోనే అయిపోతుంది. ఎరికాకి ఒక పిడ్జియోటో చాలు.

ఆ తర్వాత ఫ్యూషియా సఫారీ జోన్‌లో సర్ఫ్. ఇక్కడే నా ఓటు స్క్విర్టిల్‌కి పడుతుంది. సముద్రం దాటాలంటే ఈ ఆటలో ఎవరో ఒకరికి సర్ఫ్ నేర్పక తప్పదు, హెచ్‌ఎంలు, అంటే దారి దాటడానికి పనికొచ్చే ఇలాంటి మూవ్‌లు, ఒకసారి నేర్పితే ఫ్యూషియాలో ఉండే మూవ్ డిలీటర్ దగ్గరికి వెళితే తప్ప చెరగవు. కట్, ఫ్లాష్, రాక్ స్మాష్ లాంటివి నేర్పితే ఒక స్థానం బూడిదలో పోసినట్టే. సర్ఫ్ మాత్రం 95 బలం, వంద శాతం గురి, ఏ తలనొప్పీ లేని దెబ్బ, అంటే మీ బ్లాస్టాయిస్ అత్యుత్తమ అటాకూ, మీరు తప్పనిసరిగా మోయాల్సిన హెచ్‌ఎమ్మూ ఒకటే అవుతాయి. మిగతా స్టార్టర్లు తీసుకున్నవాళ్లు దీని కోసం ఇంకో వాటర్ పోకెమాన్‌ని పెంచుకోవాలి.

సర్ఫ్‌తో బ్లెయిన్ కరిగిపోతాడు, జియోవానీ మునిగిపోతాడు. సబ్రీనాకి బైట్ ఉండనే ఉంది. ఎలీట్ ఫోర్‌లో లోరెలై మంచూ నీళ్లూ సగమే తగులుతాయి. గేమ్ కార్నర్‌లోని ఐస్ బీమ్‌కి కూడా 4000 కాయిన్లే, అది బ్లాస్టాయిస్‌కి నేర్పితే లాన్స్ డ్రాగనైట్‌కి నాలుగింతలు, డ్రాగనైర్‌లకి, ఏరోడాక్టిల్‌కి రెట్టింపు. ఆట చివరికి వచ్చేసరికి ఎనభై వేలు ఖర్చుపెట్టదగ్గ టీఎం ఇదొక్కటే అని నా అభిప్రాయం, ఫ్లేమ్‌త్రోవర్ ఎలాగూ ఊరికే వస్తుంది కదా.

దీనికి వ్యతిరేకంగా ఒక న్యాయమైన వాదన ఉంది. వాటర్ పోకెమాన్‌లు ఈ ఆటలో ఎక్కడ చూసినా ఉంటాయి. మౌంట్ మూన్ ముందున్న పోకెమాన్ సెంటర్‌లో ఐదొందలకి మాజికార్ప్ అమ్ముతాడు, 20వ లెవెల్ దాకా దాన్ని మోస్తే గయారాడోస్. సిల్ఫ్ కంపెనీలో లాప్రాస్ ఊరికే ఇస్తారు, 25వ లెవెల్‌ది. ఇంత సులువుగా దొరికేదాన్ని స్టార్టర్‌గా తీసుకోవడం ఎందుకు, అరుదైన ఫైర్‌ని తీసుకోవాలి కదా అంటారు. వినడానికి బాగుంది, కానీ అరుదైనది అవసరమైనది ఒకటి కాదు. ఫైర్ లేకపోయినా ఈ ఆటలో ఆగిపోయే చోటు ఒక్కటీ లేదు, వాటర్ లేకపోతే సముద్రమే దాటలేం. గయారాడోస్ అటాక్ బ్రహ్మాండం, కానీ ఈ తరంలో నీళ్ల దెబ్బ స్పెషల్ లెక్కలోకి పోతుంది కాబట్టి ఆ అటాక్ దానికి సర్ఫ్‌లో అక్కరకు రాదు. లాప్రాస్ మంచిదే, కానీ వచ్చేది సగం ఆట దాటాక.

రైవల్ లెక్క

మీరు ఏది తీసుకున్నా వాడు దాన్ని కొట్టేదే తీసుకుంటాడు. ల్యాబ్‌లోని మొదటి పోరులో దీనికి అర్థం లేదు, ఇద్దరూ 5వ లెవెల్, ఎవరి దగ్గరా సొంత టైప్ దెబ్బ ఉండదు, ఓడినా కథ ఆగదు, టెన్షన్ పడకండి. కానీ వాడు చివరిదాకా మీ వెనకే ఉంటాడు, ఛాంపియన్‌గా నిలబడినప్పుడు వాడి స్టార్టర్ 63వ లెవెల్‌లో ఉంటుంది. కాబట్టి ఇది కూడా లెక్కలోకి తీసుకోవాలి.

స్క్విర్టిల్ తీసుకుంటే వాడిది వీనసార్, దాన్ని కొట్టడానికి ఫ్లయింగ్, ఫైర్, ఐస్, సైకిక్ ఏదైనా సరే, మొదటి గడ్డిలో పట్టిన పిడ్జీ కూడా. మీ బ్లాస్టాయిసే ఐస్ బీమ్‌తో తిరగబడొచ్చు. చార్మాండర్ తీసుకుంటే బ్లాస్టాయిస్ ఎదురవుతుంది, దానికో ఎలక్ట్రిక్‌నో గ్రాస్‌నో పెంచాలి, అంతకంటే చిక్కేం లేదు. బుల్బసార్ తీసుకున్నవాళ్లకే కాస్త గట్టి పని, చారిజార్డ్ వేగంగా వస్తుంది, గట్టిగా కొడుతుంది, కానీ మౌంట్ మూన్‌లో ఒక జియోడ్యూడ్‌ని పట్టుకుని పెంచుకుంటే నాలుగింతల లెక్క ఈసారి మనవైపు ఉంటుంది.

పెంచడం గురించి కొంచెం

ఏది తీసుకున్నా, తీసుకునే ముందు సేవ్ చేసుకోండి. వచ్చాక సమ్మరీలో నేచర్ (దాని స్వభావం) చూడండి. మొత్తం 25 నేచర్‌లు, వాటిలో 20 ఒక స్టాట్‌ని పది శాతం పెంచి ఇంకోదాన్ని పది శాతం తగ్గిస్తాయి, ఏది పెరిగిందో ఏది తగ్గిందో రంగుతో చూపించే సౌకర్యం ఈ ఆటలో లేదు, పేరు చూసి తెలుసుకోవాల్సిందే. ఈ మూడింటి ముఖ్యమైన దెబ్బలూ స్పెషల్ కాబట్టి స్పెషల్ అటాక్‌ని తగ్గించే అడమెంట్, జాలీ, ఇంపిష్, కేర్‌ఫుల్ వస్తే రీసెట్ కొట్టండి, ఎ, బి, స్టార్ట్, సెలెక్ట్ నాలుగూ కలిపి నొక్కితే చాలు. మోడెస్ట్ మూడింటికీ బాగుంటుంది, చార్మాండర్‌కి టిమిడ్ కూడా. కాకపోతే బ్రాక్ దగ్గర మెటల్ క్లా మీద ఆశ పెట్టుకున్నవాళ్లు అటాక్ తగ్గించే ఈ రెండిటి కంటే మైల్డ్, రాష్ లాంటివి చూసుకోవడం నయం. ఐవీల (పోకెమాన్‌కి పుట్టుకతో వచ్చే దాగిన అంకెలు) గురించి గంటల తరబడి రీసెట్ కొట్టేవాళ్లని చూస్తే మాత్రం నవ్వొస్తుంది, కథ పూర్తి చేయడానికి అదంతా అక్కర్లేదు.

ఏవి కొట్టి పెంచుతున్నారన్నది కూడా లెక్కే. పిడ్జీ, రటాటా, జుబాట్, స్పియరో లాంటివి కొడితే స్పీడ్ వైపు పెరుగుతుంది, ఆడిష్, గాస్ట్లీ కొడితే స్పెషల్ అటాక్ వైపు. ఒక పోకెమాన్‌కి మొత్తం 510 పాయింట్లే, నాలుగు పాయింట్లకి వందో లెవెల్ నాటికి ఒక స్టాట్ పాయింట్. లావెండర్ టౌన్‌లోని పోకెమాన్ టవర్‌లో ఎలాగూ గాస్ట్లీలే ఎక్కువ తగులుతాయి, అక్కడ మీ స్టార్టర్‌ని ముందు పెట్టుకుని తిరిగితే అనుకోకుండానే మంచి పని జరుగుతుంది.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం స్టార్టర్‌ని ఒక్కదాన్నే మేపడం. మొదట్లో బాగానే ఉంటుంది, జట్టంతా 20లో ఉంటే అదొక్కటి 35లో ఉంటుంది, ఎదురొచ్చినవన్నీ ఎగిరిపోతుంటాయి. ఎలీట్ ఫోర్ దగ్గరే బండారం బయటపడుతుంది, ఐదుగురితో వరసగా తలపడాలి, మధ్యలో పోకెమాన్ సెంటర్ లేదు, సర్ఫ్ అయినా ఫ్లేమ్‌త్రోవర్ అయినా పదిహేనుసార్లే. వెర్మిలియన్ పోకెమాన్ సెంటర్‌లో ఇచ్చే వీఎస్ సీకర్ తీసుకుని ఓడించినవాళ్లతోనే మళ్లీ ఆడుతూ మిగతావాటిని కూడా దగ్గర దగ్గరగా తెచ్చుకోండి. స్టార్టర్‌కీ మిగతావాటికీ మధ్య ఐదారు లెవెల్‌లకి మించి తేడా రానివ్వకండి.

మరి ఏది?

మొదటిసారి ఆడేవాళ్లకి, పిల్లలకి బుల్బసార్. ఒక్కసారే ఆడతాను, కథ పూర్తి చేసి పక్కన పెట్టేస్తాను అనేవాళ్లకి స్క్విర్టిల్, ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కొత్త కొత్తవి పట్టుకుని పెంచడమంటే సరదా ఉండి, మొదటి రెండు జిమ్‌లకీ మాంకీ, పికాచూ అంటూ తిరగడం భారమనిపించనివాళ్లకి చార్మాండర్, వాళ్లకి 36 తర్వాత దక్కేది నిజంగానే ఆ శ్రమకి తగ్గదే.

కథ అయిపోయాక కూడా ఆడేవాళ్లకి ఇంకొకటి. నేషనల్ డెక్స్ (పోకెమాన్‌ల పూర్తి జాబితా) వచ్చి, సెవీ ఐలాండ్స్ దీవుల్లో రూబీ, సఫైర్ రాళ్ల పని పూర్తి చేశాక, ఈ కథ జరిగే కాంటోలో ఒక లెజెండరీ, అంటే చాలా అరుదైన పోకెమాన్, తిరగడం మొదలుపెడుతుంది, అది ఏదన్నది మీరు మొదటి రోజు తీసుకున్న స్టార్టర్‌ని బట్టే ఉంటుంది. బుల్బసార్ తీసుకుంటే ఎంటే, స్క్విర్టిల్ తీసుకుంటే రాయికూ, చార్మాండర్ తీసుకుంటే స్వీకూన్. మిగతా రెండూ మీ ఆటలో దొరకవు. ఎంటే, రాయికూలకి రోర్ అనే మూవ్ ఉంటుంది, అవి గనక పోరులో దాన్ని వాడితే ఆటలోని ఒక లోపం వల్ల శాశ్వతంగా మాయమైపోతాయి, వెతికినా మళ్లీ కనబడవు, కాబట్టి ఎదురవగానే ఇంకేం ఆలోచించకుండా, ఏ పోకెమాన్‌నైనా తప్పకుండా పట్టే మాస్టర్ బాల్ విసిరేయండి. స్వీకూన్‌తో ఆ బాధ లేదు.